థైరాయిడ్ వంశపారంపర్య జబ్బుకి ఏ పేరు మేలు: డాక్టర్‌దా, లక్షణానిదా, జీన్‌దా?

రిపోర్టులో ఫ్రీ టీ4 (రక్తంలో విడిగా తిరిగే థైరాక్సిన్ హార్మోను) పక్కన ‘హెచ్’, అంటే ఎక్కువ, అని ఉంటుంది, కింద టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ని పని చేయమని పిట్యూటరీ పంపే హార్మోను) చూస్తే 2.8, ఏ గుర్తూ లేదు. థైరాయిడ్ హార్మోను ఎక్కువైతే పిట్యూటరీ గ్రంథి ఇక చాలని టీఎస్‌హెచ్‌ని అడుగంటా తగ్గించేయాలి కదా, ఇక్కడ తగ్గలేదు. నేను మాట్లాడేది ఈ జబ్బు గురించే: హార్మోను ఉన్నా ఒళ్లు దాని మాట సరిగా వినదు, ‘థైరాయిడ్ హార్మోన్ రెసిస్టెన్స్’ అంటారు. టీఎస్‌హెచ్ తగ్గలేదన్నది చూడకుండా మామూలు హైపర్ థైరాయిడ్ అనుకుని థైరాయిడ్ గ్రంథినే తీసేసిన సందర్భాలున్నాయి. అందుకే పేరు గొడవ పండితులకి వదిలేసేది కాదంటాను.

కనిపెట్టినవాళ్ల పేరు పెట్టడం పాత పద్ధతి. 1967లో శామ్యూల్ రెఫెటాఫ్, ఆయన తోటివాళ్లు మొదట వివరించారు కాబట్టి రెఫెటాఫ్ సిండ్రోమ్. వినడానికి బానే ఉంది గానీ, ఆ మొదటి కుటుంబమే ఒక వింత. తల్లిదండ్రులు రక్తసంబంధీకులు, పిల్లలకి మాటా వినికిడీ లేవు, ఎక్స్‌రేలో ఎముకల చివర్లు చుక్కలు చుక్కలుగా కనిపించాయి. వాళ్లకి బీటా రిసెప్టర్ (కణాల్లో హార్మోనుని అందుకునే ప్రొటీన్లలో ఒకటి) జీన్ మొత్తానికే లేదని తర్వాతెప్పుడో తేలింది. మిగతా కుటుంబాల్లో చాలావరకు అమ్మ నుంచో నాన్న నుంచో వచ్చిన ఒక్క కాపీలో తప్పుంటే చాలు, జబ్బు వచ్చేస్తుంది. (మేనరికం చేసుకోలేదు కదా అని ధీమా పడేవాళ్లు ఇది గమనించాలి.)

లక్షణాన్ని బట్టి పెట్టే పేర్లు ఇంకా అన్యాయం. గుండెదడ ఉంటే ‘పిట్యూటరీ రకం’, లేకపోతే ‘జనరలైజ్డ్’, అంటే ఒళ్లంతటి రకం. ఒకే ఇంట్లో ఒకే మ్యుటేషన్ ఉన్న అన్నకి ఒక పేరు, చెల్లికి ఇంకో పేరు! నా ఓటు దీనికి పడదు.

జీన్‌ని బట్టి పెడితే? 2012లో ఆల్ఫా అనే ఇంకో రిసెప్టర్‌లో తప్పున్నవాళ్లు బయటపడ్డారు. వాళ్ల రిపోర్టు తీరే వేరు: టీఎస్‌హెచ్ మామూలే, టీ4 తక్కువ వైపు, టీ3 (టీ4 నుంచి తయారయ్యే చురుకైన హార్మోను) ఎక్కువ వైపు, పిల్లేమో ఎదగదు, మలబద్ధకం వదలదు. దాంతో 2014లో నిపుణులు కూర్చుని ఆర్‌టీహెచ్ (థైరాయిడ్ హార్మోన్ రెసిస్టెన్స్‌కి పొట్టి పేరు) బీటా, ఆర్‌టీహెచ్ ఆల్ఫా అని విడదీశారు.

ఎంసీటీ8 (హార్మోనుని కణాల్లోకి చేరవేసే ప్రొటీన్) లోపం దగ్గర అసలు ‘రెసిస్టెన్స్’ అనే మాటే కుదరదు. 1944లో అలన్, హెర్న్‌డన్, డడ్లీ చెప్పిన జబ్బే ఇది, థైరాయిడ్‌తో ముడి ఉందని 2004లో గానీ తెలియలేదు. రిసెప్టర్ బాగానే ఉంటుంది, హార్మోను మెదడులోకి వెళ్లే దారే చెడింది, కాబట్టి మెదడు పస్తులుంటే మిగతా ఒళ్లు హార్మోను ఎక్కువై చిక్కిపోతుంది. అందుకే ఆ 2014 పద్ధతిలో పైన ‘హార్మోనుకి స్పందన తగ్గడం’ అనే పెద్ద గొడుగు పెట్టి, రవాణా లోపాలని రిసెప్టర్ లోపాల నుంచి వేరు చేశారు.

నేనైతే జీన్ పేరుకే ఓటేస్తాను, పాత కాగితాలు వెతుక్కోవడానికి పాత పేరు పక్కన ఉండనివ్వండి. ఫైలు మీద ‘థైరాయిడ్ రెసిస్టెన్స్’ అని మాత్రమే ఉంటే మొహమాటపడకుండా బీటానా ఆల్ఫానా అని అడగండి. బీటా అయితే చాలామందికి మందే అక్కర్లేదు, ఆల్ఫాకి సాధారణంగా థైరాక్సిన్ ఇచ్చి చూస్తారు.