కిడ్నీ మార్పిడి తరువాత క్యాన్సర్ ముప్పు: టాక్రోలిమస్, సైరోలిమస్‌లలో ఏది మేలు?

కిడ్నీ మార్పిడి చేయించుకున్నవారికి క్యాన్సర్ ముప్పు ఇతరుల కంటే మొత్తం మీద రెండు మూడు రెట్లు ఎక్కువగా ఉంటుంది. కొత్త కిడ్నీని శరీరం తిరస్కరించకుండా కాపాడే మందులే, క్యాన్సర్ కణాలనూ, లింఫోమాకు (లింఫ్ గ్రంథుల క్యాన్సర్‌కు) దారితీయగల ఎప్‌స్టీన్-బార్ వంటి వైరస్‌లనూ అదుపులో ఉంచే రోగనిరోధక శక్తిని అణచివేయడం ఇందుకు ముఖ్య కారణం. అందువల్ల అలాంటి మందుల్లో ఒకటైన టాక్రోలిమస్ ఆపి, మరొకటైన సైరోలిమస్‌కు మారడం మంచిదా అన్న ప్రశ్న రోగులకూ వైద్యులకూ ఎదురవుతుంది.

తిరస్కరణను నివారించడంలో టాక్రోలిమస్‌దే పైచేయి. నేడు ఎక్కువ మందికి మొదటి నుంచీ ఇచ్చేది అదే. అయితే దీర్ఘకాలంలో అది కిడ్నీకే కొంత హాని చేయవచ్చు, మధుమేహమూ తేవచ్చు.

సైరోలిమస్ కణాల పెరుగుదలకు అవసరమైన ఎమ్‌టార్ అనే ప్రొటీన్‌ను అడ్డుకుంటుంది; రోగనిరోధక శక్తిని అణచేదీ అలాగే. 2005లో ఇటలీ వైద్యులు కపోసి సార్కోమా (చర్మంపై మచ్చలుగా కనిపించే ఒక క్యాన్సర్) వచ్చిన 15 మంది కిడ్నీ గ్రహీతలకు, టాక్రోలిమస్ కోవకే చెందిన సైక్లోస్పోరిన్ ఆపి ఈ మందు ఇవ్వగా, మూడు నెలల్లో అందరి చర్మంపై మచ్చలూ పోయాయి. అంతకుముందే ఒక రకం చర్మ క్యాన్సర్ వచ్చిన కిడ్నీ గ్రహీతలపై జరిపి 2012లో ప్రచురించిన యూరప్ పరిశోధనలో, రెండేళ్లలో ఆ క్యాన్సర్ మళ్లీ కనిపించినవారు సైరోలిమస్‌కు మారినవారిలో 22 శాతం, పాత మందులోనే ఉన్నవారిలో 39 శాతం. కానీ దుష్ప్రభావాలు తాళలేక మారినవారిలో 23 శాతం మంది మందు మానేశారు. అంతకంటే కలవరపెట్టేది 2014 నాటి విశ్లేషణ: అనేక పరిశోధనలను కలిపి చూస్తే, సైరోలిమస్ వాడినవారిలో క్యాన్సర్ తగ్గినా మరణాలు పెరిగాయి.

కాబట్టి క్యాన్సర్ భయం ఒక్కటే కారణంగా అందరూ మందు మార్చుకోవడం నాకు సమంజసంగా తోచదు. పై లాభం ప్రధానంగా చర్మ క్యాన్సర్లలో కనిపించినది. తెల్లని చర్మం గలవారితో పోలిస్తే మనవారిలో అవి చాలా తక్కువ. ఇంతవరకు క్యాన్సర్ రానివారికి, తిరస్కరణకు తావివ్వని కనిష్ఠ మోతాదులో టాక్రోలిమస్ కొనసాగించడమే మేలు. కపోసి సార్కోమా లేదా చర్మ క్యాన్సర్ వచ్చినవారికి మాత్రం, కిడ్నీ చక్కగా పనిచేస్తూ మూత్రంలో ప్రొటీన్ పోకుండా ఉంటే, సైరోలిమస్ వైపే మొగ్గాలి. మారిన తరువాత నోటిపూత, కొలెస్ట్రాల్, మూత్రంలో ప్రొటీన్, ఊపిరితిత్తుల వాపు వంటి వాటిని కనిపెట్టి ఉండాలి. పుండ్లు మానడం ఆలస్యమవుతుంది గనుక, ఏదైనా ఆపరేషన్ తలపెట్టినప్పుడు ఈ మందు వాడుతున్న సంగతి సర్జన్‌కు ముందే చెప్పాలి.