రాజమండ్రిలో ఎలక్ట్రిక్ కారు: బయట చార్జింగ్ ఎంతవరకు నమ్మొచ్చు?

కారు పెట్టే చోట 15 ఆంప్స్ సాకెట్ (ఇంట్లో ఏసీకి పెట్టేలాంటి పెద్దది) ఉన్నవాళ్లు రాజమండ్రిలో ఎలక్ట్రిక్ కారు నిశ్చింతగా కొనుక్కోవచ్చు. ఊళ్లో స్టేషన్లున్నాయి కదా అన్న ధైర్యంతో మాత్రం కొనకండి. మా తమ్ముడి అపార్ట్‌మెంట్‌లో అసోసియేషన్ వాళ్లు సాకెట్‌కి ఒప్పుకోలేదు. వాడు సీఎన్‌జీ కారు తీసుకున్నాడు, నేనూ అదే మంచిదన్నాను.

నాది పాత టాటా నెక్సాన్ ఎలక్ట్రిక్ కారు, 30.2 యూనిట్ల బ్యాటరీ. రాత్రి ఇంట్లో పెడితే తెల్లారేసరికి నిండుతుంది. నెల వాడకం 225 యూనిట్లు దాటితే ఆపైన యూనిట్‌కి 8.75 రూపాయల స్లాబు పడుతుంది, బిల్లు చూసి మా ఆవిడ గొణుగుతుంది. అయినా బయటకంటే చవకే. ఫాస్ట్ చార్జర్ దగ్గర యూనిట్ 20 రూపాయలకి అటూ ఇటూ ఉంటుంది, దాని మీద 18 శాతం జీఎస్టీ.

ఇక బయట సంగతి. మ్యాప్‌లో చూస్తే చార్జర్లకి కొదవ లేదు. 2023లో కేంద్రం మూడు ప్రభుత్వ చమురు కంపెనీలకి 800 కోట్లు మంజూరు చేసి 7,432 స్టేషన్లు పెట్టమంది. బంకుల్లో అవి ఎక్కువగా కనిపించడానికి అదొక కారణం. పెట్టినవాళ్లు వాటిని చూసుకుంటున్నారా అంటే అక్కడే తేడా వస్తోంది. ఒక బంకులో యాప్ 'ఖాళీగా ఉంది' అంటుంది, చార్జింగ్ గన్ కారుకి పెట్టగానే ఎర్రలైటు. అక్కడి కుర్రాణ్ని అడిగితే 'అది మాకు తెలీదండీ, కంపెనీవాళ్లు రావాలి' అంటాడు. హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే ఫిర్యాదు నంబరిస్తారు. యాప్ వాలెట్‌లోంచి కట్ అయిన డబ్బు వెనక్కొస్తుంది గానీ, అప్పటిదాకా ఎదురుచూడాలి. గన్ బాగున్న రోజున ఆ చోట్లో ఎవరిదో డీజిల్ కారుంటుంది. ఎండకి నీడ ఉండదు.

కార్ల షోరూముల్లో మెషీన్లు బాగానే పనిచేస్తాయి. సాయంత్రం గేటు మూసేస్తారు, అంతే.

నాకు బాగా పనికొచ్చినవి హైవే పక్క హోటళ్లలో ఉన్నవి. మనం గంటసేపు కూర్చుంటే రెండు ప్లేట్ల ఇడ్లీ, నాలుగు కాఫీలు అమ్ముడవుతాయి కాబట్టి ఓనరుకి ఆ చార్జర్ నడవడం అవసరం. వాచ్‌మన్ అడ్డంగా ఉన్న బళ్లు తీయిస్తాడు, బాత్రూమ్ ఉంటుంది. మెషీన్ మీద వేగం 50 కిలోవాట్లని రాసి ఉన్నా నా కారు అందులో సగం దాటి పెద్దగా తీసుకోదు. 80 శాతం దాటాక మరీ నెమ్మదిస్తుంది, అక్కడితో ఆపేసి వెనకవాళ్లకి చోటివ్వడమే మర్యాద.

హైవేల మీద రెండు వైపులా 20 కిలోమీటర్లకో స్టేషన్ ఉండాలని కేంద్రం మార్గదర్శకాల్లో ఉంది. దాని మీద ఆధారపడి మాత్రం బయల్దేరకండి. వైజాగ్ సుమారు 190 కిలోమీటర్లు, ఏసీతో నా కారుకి ఒక్క చార్జింగ్‌లో అది కష్టం. అందుకే అన్నవరం, తుని ప్రాంతంలో ఆగుతాను. ఎలాగూ ప్రసాదం తీసుకోవాలి కదా! బయల్దేరే ముందు ఆ హోటల్‌కి ఫోన్ చేసి మెషీన్ నడుస్తోందా అని అడుగుతాను, యాప్ మాట కంటే అక్కడి మనిషి మాటే నయం. అక్కడికి చేరేసరికి ఇంకా 40 శాతం ఉండేలా చూసుకుంటాను. అది పనిచేయకపోతే తర్వాతి దానికి టెన్షన్ లేకుండా వెళ్లొచ్చు. ఇంటి చార్జర్ ఎప్పుడూ డిక్కీలోనే ఉంటుంది, చుట్టాలింట్లో ఏసీ సాకెట్ దొరికినా రాత్రి గడిచిపోతుంది.