స్పానిష్‌లో ‘తిన్నాను’: ‘ఎ కొమీదో’నా, ‘కొమీ’నా? ఏది ముందు నేర్చుకుంటే మేలు?

స్పానిష్ మొదలుపెట్టిన కొన్ని నెలలకి దాదాపు అందరూ ఇక్కడికొచ్చి ఆగిపోతారు. ‘తిన్నాను’ అనడానికి ‘ఎ కొమీదో’ ఒకటి, ‘కొమీ’ ఒకటి, రెండూ కరెక్టే అంటారు, మరి ఏది ఎప్పుడు వాడాలి? మనం ఇప్పుడే తిన్నా, నిన్న తిన్నా ‘తిన్నాను’ అనే అంటాం కాబట్టి మనకి ఈ గొడవే లేదు. దాంతో చాలామంది బళ్ళో చదివిన ఇంగ్లిష్ ‘హ్యావ్ ఈటెన్’ రూలు తెచ్చి ఇక్కడ అతికిస్తారు. అది కొంతవరకే పనిచేస్తుంది.

కష్టం మాటకొస్తే ‘ఎ కొమీదో’ చాలా సులువు. ఎ, అస్, ఆ, ఎమోస్, అబేయిస్, అన్ అనే ఆరు ముక్కలు బట్టీపట్టి, క్రియ చివర ‘ఆదో’ గానీ ‘ఈదో’ గానీ తగిలిస్తే పనైపోతుంది. ఏచో (చేయడం), దీచో (చెప్పడం), బీస్తో (చూడడం) లాంటి, ఈ రూలుకి లొంగని మొండివి కొన్ని ఉంటాయి, పెద్ద లెక్కలోవి కావు. ‘కొమీ’ రకం అలా కాదు, ప్రతి పురుషకీ చివర మారిపోతుంది, పైగా రోజూ వాడే క్రియలే ఎక్కువ మొరాయిస్తాయి. ‘ఫుయి’ అంటే వెళ్ళాను అనీ అర్థమే, ‘(అప్పట్లో టీచరుగా) ఉన్నాను’ అనేటప్పటి ‘ఉన్నాను’ అనీ అర్థమే. ఇక ఒత్తి పలికే చోటు ఇంకో టెన్షన్: ‘ఆబ్లో’ అని ముందు ఒత్తితే నేను మాట్లాడతాను, అదే మాటని చివర ఒత్తితే అతను మాట్లాడాడు.

అందుకేనేమో స్పెయిన్‌లో అచ్చయ్యే పాఠ్యపుస్తకాలు చాలావరకు ‘ఎ కొమీదో’తోనే మొదలుపెడతాయి. కానీ అసలు చిక్కు వాడకంలో ఉంది. మాడ్రిడ్‌లో పొద్దున టిఫిన్ చేసిన సంగతి రాత్రి చెప్పినా ‘ఎస్తా మన్యానా ఎ దెసాయునాదో’ అంటారు, ఎందుకంటే వాళ్ళ లెక్కలో ఆ రోజు ఇంకా అయిపోలేదు. ఇంగ్లిష్‌లో అయితే అక్కడ ‘హ్యావ్’ పెట్టరు. నిన్నటి సంగతైతే మాత్రం ‘అయేర్ కొమీ’. అదే మెక్సికోలో పొద్దున్నదైనా నిన్నటిదైనా ‘కొమీ’నే. భోంచేశావా అని అడగాలంటే మాడ్రిడ్‌లో ‘యా అస్ కొమీదో’, మెక్సికోలో ‘యా కొమీస్తే’. అలాగని మెక్సికోలో మొదటి రూపం లేదనుకోకండి. ‘నో ఆ యెగాదో’ అంటే ఇంకా రాలేదు, వస్తాడేమో చూద్దాం అని. ‘నో యెగో’ అంటే రాలేదు, ఇక ఆ ముచ్చట అయిపోయింది అని. (స్పెయిన్ అంతా కూడా ఒకటే పద్ధతి కాదు, గలీసియాలో, కెనరీ దీవుల్లో ‘కొమీ’నే ఎక్కువ.)

నన్నడిగితే ముందు ‘కొమీ’ రకమే నేర్చుకోండి, కష్టమైనా సరే. ‘ఈ రోజు తిన్నాను’ అనడానికి మాడ్రిడ్‌లో ‘ఓయ్ కొమీ’ అన్నారనుకోండి, లాటిన్ అమెరికా వాళ్ళ దగ్గర నేర్చుకున్నట్టున్నాడు అనుకుంటారు, అంతే, అర్థం ఎక్కడా చెడదు. ‘అయేర్ ఎ కొమీదో’ అంటే మాత్రం మాడ్రిడ్‌లోనూ మెక్సికోలోనూ చెవికి గుచ్చుకుంటుంది. డల్లాస్‌లో ఉండే మనవాళ్ళకైతే రెండో ఆలోచనే అక్కర్లేదు, చుట్టూ వినపడేది మెక్సికో స్పానిషే. చదువుకి స్పెయిన్ వెళ్తున్నవాళ్ళు మాత్రం ‘ఎ కొమీదో’తో మొదలుపెట్టొచ్చు, రోజూ చెవిన పడుతుంది కాబట్టి దానంతటదే పట్టుబడుతుంది. డెలే (స్పానిష్ ఎంత వచ్చో తేల్చే సర్టిఫికెట్ పరీక్ష) రాసేవాళ్ళు భయపడక్కర్లేదు, ఏ ప్రాంతపు ప్రామాణిక స్పానిష్ అయినా ఒప్పుకుంటారు, కాకపోతే మొదలుపెట్టిన పద్ధతినే చివరిదాకా నిలుపుకోవాలి.

‘తింటూ ఉండేవాణ్ణి’ అనే మూడో రూపం ‘కొమీయా’ని ఇప్పుడే ఇందులోకి లాగకండి, అది వేరే తలనొప్పి. పట్టిక మొత్తం మింగేయాలని కూడా చూడకండి. నేను, నువ్వు రూపాలు చాలు: ఫుయి-ఫుయిస్తే (వెళ్ళడం), ఇసే-ఇసీస్తే (చేయడం), తూబే-తుబీస్తే (కలిగి ఉండడం), దీహే-దిహీస్తే (చెప్పడం). ఎదురుగా ఉన్న మనిషితో మాట్లాడేటప్పుడు ఎక్కువగా పనికొచ్చేవి ఇవే.