మన్యం దారిలో మూడు రాత్రులు, తెల్లారేసరికి దిగిపోయే బ్యాటరీ

గత డిసెంబరులో విశాఖపట్నం నుంచి శృంగవరపుకోట, అనంతగిరి మీదుగా అరకు చేరి, అక్కడి నుంచి పాడేరు, లంబసింగి చూసుకుని నర్సీపట్నం వైపు దిగి ఇల్లు చేరాలని బండి మీద ఒంటరిగా బయలుదేరాను. 350 సీసీ బండికి కిక్ రాడ్డు లేదు. ఇంధనం ఇంజెక్షన్ పద్ధతిలో అందుతుంది కాబట్టి పంపు తిరగాలన్నా బ్యాటరీలో కరెంటు ఉండాల్సిందే. ఘాట్‌లో పొగమంచు ఉంటుందని తెలిసి, ప్రయాణానికి వారం ముందే నగరంలోని ఒక దుకాణంలో రెండు ఫాగ్ లైట్లు పెట్టించాను. మొబైల్ ఛార్జింగ్ సాకెట్ అంతకుముందే ఉంది.

అరకులో నేను దిగిన రిసార్టు గదుల శుభ్రత, భోజనం విషయంలో ఏ లోటూ లేనిదే. అయితే బండ్లు నిలిపే చోటు గదులకు చాలా దూరంలో, చీకటిగా, పల్లంలో ఉంది. సాయంత్రం ఆరింటికి నిలిపిన బండి మర్నాడు ఏడింటికి సెల్ఫ్ నొక్కితే టకటకమని చప్పుడు చేసిందే తప్ప ఇంజను తిరగలేదు, మీటరు దీపాలు కూడా ఆరిపోయాయి. రిసార్టు సిబ్బందిలో ఇద్దరు ఎత్తు దాకా తోసి సాయం చేయబట్టి, వాలులో రెండో గేరు వేసి వదిలితే మూడోసారికి అందుకుంది. బ్యాటరీ పూర్తిగా దిగిపోయి ఉంటే అదీ సాధ్యమయ్యేది కాదు.

ఊళ్లో మెకానిక్ ఓపికగా చూశాడు, కానీ అతని దగ్గర వోల్టులు, కరెంటు కొలిచే మల్టీమీటర్ లేదు. బ్యాటరీ మూడేళ్ల పాతదని తెలియగానే మార్చెయ్యమన్నాడు. ఆ సైజు అక్కడ దొరకలేదు కాబట్టి మూడు గంటలు ఛార్జింగ్ పెట్టించుకుని బయలుదేరాను. బ్యాటరీ దొరకకపోవడమే మేలయింది. కొత్తది వేసి ఉంటే ఒకటి రెండు రాత్రులు కాస్త గట్టిగా నిలిచి, అసలు లోపం కంటికి కనబడకుండా పోయేది.

దారిలో చాపరాయి దగ్గర రాళ్ల మీదుగా జారే నీళ్లను చూస్తూ గంటసేపు కూర్చున్నాను. బండిని మాత్రం వాలులోనే నిలిపాను.

పాడేరు 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాకు కేంద్రం. సందర్శకులు దీన్ని వంజంగి కొండకు పోయే మజిలీగానే చూస్తారు గానీ, బండి మీద తిరిగేవారికి మన్యంలో ఇంతకంటే అనువైన బస నాకు తోచదు. నేను దిగిన లాడ్జి సాదాసీదాది, వేడినీళ్లు బకెట్‌తోనే ఇస్తారు. కానీ బండి నా కిటికీ కిందే ఉంది, పక్కనే ప్లగ్ పాయింటు ఉంది, నడిచి వెళ్లేంత దూరంలో బ్యాటరీల దుకాణం ఉంది. ఆ దుకాణదారు చేసిన పని చిన్నదే అయినా సరైన వరసలో చేశాడు. ఇంజను ఆపిన వెంటనే కొలిస్తే పైపై ఛార్జింగ్ వల్ల ఎక్కువ చూపిస్తుందని చెప్పి, రెండు గంటలు ఆగి కొలిచాడు. 12.6 వోల్టులు ఉంది, అంటే దాదాపు నిండుగా ఉన్నట్టే. తర్వాత ఇంజను స్టార్ట్ చేసి వేగం పెంచి చూస్తే 14.1 వోల్టులు వచ్చింది, అంటే బండి బ్యాటరీని సరిగానే నింపుతోంది. ఇక తేలవలసింది ఒక్కటే: బ్యాటరీ తనంతట తానే దిగిపోతోందా, లేక నిలిపి ఉంచిన బండిలో ఏదో దాన్ని తాగేస్తోందా? రాత్రికి నెగెటివ్ వైరు విప్పేసి, ఉదయం మళ్లీ కొలవమన్నాడు. వంజంగి మీద మబ్బుల సముద్రం చూడటానికి నాలుగింటికే లేచి, టార్చి వెలుగులో కొలిస్తే అదే 12.6 ఉంది. బ్యాటరీలో లోపం లేదని అప్పుడు తేలింది. ఆ రాత్రికి మీటరు నాకు అరువిచ్చిన ఆ దుకాణదారు, మరో మీటరు కొనుక్కునే చోటు కూడా చూపించాడు. దానికి 400 రూపాయలయింది.

మూడో రాత్రి లంబసింగిలో గుడారంలో పడుకున్నాను. సుమారు వెయ్యి మీటర్ల ఎత్తులో ఉన్న ఈ ఊరికి కొర్రబయలు అని మరో పేరు ఉంది, రాత్రి బయట పడుకుంటే తెల్లారేసరికి కొర్రలా, అంటే కర్రలా, బిగుసుకుపోతారని. ఆ చలిని అనుభవించడానికి గుడారం మంచిదే, కానీ కరెంటు సదుపాయం లేనిచోటుకు దిగిపోయే బ్యాటరీతో వెళ్లమని ఎవరికీ చెప్పలేను. పైగా చలికి బ్యాటరీ శక్తి కూడా తగ్గుతుంది. పాడేరు రాత్రితో పోల్చి చూడాలని ఈసారి వైర్లన్నీ కలిపే ఉంచి, బండిని వాలులో నిలిపాను.

తెల్లవారుజామున 12.1 వోల్టులు చూపింది. నెగెటివ్ వైరు విప్పి, ఆ వైరుకూ బ్యాటరీకీ మధ్య మీటరును పది యాంపియర్ల అమరికలో కలిపాను. ఇలా కలిపి ఉన్నంతసేపూ తాళం తిప్పకూడదు, సెల్ఫ్ అసలే నొక్కకూడదు, అలా చేస్తే మీటరు పాడైపోవచ్చు. అన్నీ ఆపి ఉన్న బండి 0.17 యాంపియర్లు లాగుతోంది. మొబైల్ సాకెట్ ఫ్యూజు తీస్తే 0.15కు తగ్గింది. ఫాగ్ లైట్ల ఫ్యూజు తీయగానే సున్నా అయింది, మిల్లీయాంపియర్లలో కొలిచినా ఒకటి దాటలేదు.

సైడు ప్యానెల్ మీద, ట్యాంకు మీద మంచు నీరు కారుతోంది. చేయి లోపలికి పోనిచ్చి తాకితే ఇనుమంతా చల్లగా ఉంది, ఫాగ్ లైట్ల రిలే (చిన్న కరెంటుతో దీపాల పెద్ద కరెంటును కలిపే స్విచ్చు) ఒక్కటే వెచ్చగా ఉంది. రాత్రంతా దాన్ని పనిచేయించే తీగచుట్టలో, అంటే కాయిల్‌లో, కరెంటు పారుతూనే ఉంది. హ్యాండిల్ మీది స్విచ్చును కాయిల్‌కు కాకుండా రిలే తర్వాత దీపాల వైపు బిగించడం వల్ల, దీపాలు ఆరినా కాయిల్ ఆరలేదు. 0.15 యాంపియర్ల చొప్పున పదమూడు గంటలకు దాదాపు రెండు యాంపియర్-గంటలు పోతాయి. 8 యాంపియర్-గంటల కొత్త బ్యాటరీ దానికి తట్టుకుంటుంది. మూడేళ్ల పాతది, అందులోనూ అనంతగిరి ఘాట్‌లో తక్కువ వేగంతో, ఫాగ్ లైట్లు వేసుకుని ఎక్కిన రోజు సరిగా నిండనిది, తట్టుకోలేదు. అందుకే అరకులో అంత దిగిపోయింది.

రిలేను ఊడదీసి సంచిలో వేసుకుని, ఫాగ్ లైట్లు లేకుండానే పొగమంచు విడిపోయే దాకా ఆగి నర్సీపట్నం ఘాట్ దిగాను. ఇంటికి వచ్చాక కాయిల్ వైరును స్విచ్చు ద్వారా, తాళం తిప్పితేనే కరెంటు వచ్చే తీగకు కలిపించాను. మొబైల్ సాకెట్‌నూ అలాగే మార్పించాను. లైట్లు బిగించిన దుకాణంలో పొరపాటు చూపిస్తే ఒప్పుకుని, కూలి తీసుకోకుండా సరిచేశారు. ఆ రాత్రి వైర్లన్నీ కలిపే ఉంచాను, ఉదయం కొలిస్తే 12.6 ఉంది. అదే పాత బ్యాటరీ ఇప్పటికీ నడుస్తోంది.