ద్వారకానగర్ కొటేషన్: మోడల్ నంబర్ లేని లైన్ల సంగతి

వైజాగ్‌లో ద్వారకానగర్, డాబాగార్డెన్స్ వైపు కంప్యూటర్ కౌంటర్ దగ్గర నిలబడి ‘తక్కువలో గేమింగ్ పీసీ కావాలి’ అంటే చేతికొచ్చే కాగితం చాలాసార్లు ఇలా ఉంటుంది: రైజెన్ 5 5600, బి450 బోర్డు, 16 జీబీ ర్యామ్, 512 ఎన్‌వీఎంఈ, ఆర్‌ఎక్స్ 6600, 550 వాట్స్ ఎస్‌ఎంపీఎస్, ఆర్‌జీబీ క్యాబినెట్. ఇందులో రైజెన్ ప్రాసెసర్, బి450 మదర్‌బోర్డు, ఎన్‌వీఎంఈ వేగమైన ఎస్‌ఎస్‌డీ, ఆర్‌ఎక్స్ గ్రాఫిక్స్ కార్డు, ఎస్‌ఎంపీఎస్ అంటే పవర్ సప్లై. సెట్టు మంచిదే. 1080పీలో ఆడేవాళ్లకి సరిపోతుంది. కాకపోతే ఈ ఏడు లైన్లలో ఫలానా వస్తువని తేల్చి చెప్పేవి రెండే. మిగతా ఐదింట్లోనే డబ్బు జారిపోతుంది.

ముందు ఆ రెండూ: ప్రాసెసర్, కార్డు. 5600లో 6 కోర్లు, 12 థ్రెడ్లు, 32 ఎంబీ ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలి వేగమైన మెమరీ). బాక్స్ పీస్ అయితే కూలర్ లోపలే ఉంటుంది. ‘స్టాకు లేదు, 5600జీ తీసుకోండి, రెండూ ఒకటే’ అంటే ఒప్పుకోకండి. జీ రకంలో క్యాష్ సగమే, పీసీఐఈ (కార్డుకీ ప్రాసెసర్‌కీ మధ్య డేటా దారి) కూడా పాత 3.0తో సరి. 5500కీ ఇవే లోట్లు. జీలో లోపలే గ్రాఫిక్స్ ఉంటాయి కాబట్టి కార్డు ఆర్నెల్లాగి కొనేవాళ్లకి అది పనికొస్తుంది. ఇప్పుడే కార్డు కొంటున్నప్పుడు దానితో పని లేదు.

ఆర్‌ఎక్స్ 6600 వచ్చింది 2021 అక్టోబరులో. 8 జీబీ మెమరీ, 132 వాట్లు, ఒక్క 8 పిన్ కనెక్టర్. దీని బదులు అంటగట్టేవాటిలో ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ ఒకటి. పేరు 3050యే గానీ 8 జీబీ దానికన్నా కోర్లు తక్కువ, మెమరీకి వెళ్లే దారి (బస్) కూడా ఇరుకు, 96 బిట్. 70 వాట్లతో నడుస్తుంది కనక పాత ఆఫీసు సిస్టంలో పెట్టుకోవడానికి భేషుగ్గా ఉంటుంది, కొత్త దాంట్లోకి వద్దు. ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ అయితే అసలే వద్దు. 4 జీబీ, పైగా పీసీఐఈ లేన్లు నాలుగే. బి450 బోర్డు పీసీఐఈ 3.0 కాబట్టి ఆ నాలుగూ సగం వేగంతోనే పనిచేస్తాయి, మెమరీ నిండగానే ఆట కుదుపులు మొదలెడుతుంది. 6600కి ఎనిమిది లేన్లు, మెమరీ రెట్టింపు. అదే బోర్డు మీద దీనికి పెద్ద నష్టం ఉండదు. అందుకని బి450 పేరు వినగానే ముఖం చిట్లించక్కర్లేదు.

బోర్డులో అడగాల్సింది బయాస్ (బోర్డుని స్టార్ట్ చేసే లోపలి సాఫ్ట్‌వేర్) వెర్షన్. బి450 చిప్‌సెట్ 2018 నాటిది, 5600 వచ్చింది 2022లో. ఎప్పటి స్టాకో అయితే పాత బయాస్ ఆ ప్రాసెసర్‌ని గుర్తించక ఫ్యాన్లు తిరుగుతాయి, స్క్రీన్ మాత్రం వెలగదు. కంపెనీ సైట్లో ఆ బోర్డు పేజీకి వెళ్తే, ఏ ప్రాసెసర్‌కి ఏ బయాస్ నుంచి సపోర్ట్ ఉందో పట్టిక ఉంటుంది. అప్‌డేట్ షాపులోనే చేయించండి. ఇంట్లో మధ్యలో కరెంటు పోతే బోర్డు మూగబోతుంది.

‘16 జీబీ ర్యామ్’ అంటే 8 చొప్పున రెండు స్టిక్కులు, డీడీఆర్4 రకం, 3200 స్పీడ్, సీఎల్16 (స్పందనలో ఆలస్యం చెప్పే అంకె) అని రాయించుకోవాలి. 2025 చివర్లో మెమరీ రేట్లు ఎగబాకాక ఒక్క స్టిక్‌తో సరిపెట్టే వరస పెరిగింది. ఒక్కటే ఉంటే డ్యుయల్ ఛానల్ (రెండు స్టిక్కులూ ఒకేసారి పనిచేయడం) పోతుంది, ఫ్రేములు తగ్గుతాయి. నాలుగు స్లాట్ల బోర్డులో ప్రాసెసర్ పక్క నుంచి లెక్కపెడితే రెండోది, నాలుగోది వాడాలి. బయాస్‌లో ఎక్స్‌ఎంపీ (స్టిక్‌ని దాని మీద రాసిన వేగానికి తెచ్చే సెట్టింగ్) ఆన్ చెయ్యకపోతే 3200 స్టిక్ 2133 దగ్గరో 2666 దగ్గరో ఉండిపోతుంది. డబ్బు కట్టేముందు టాస్క్ మేనేజర్‌లో మెమరీ స్పీడ్ చూడండి, ఒక్క నిమిషం పని.

ఇక అసలు దెబ్బ ఎస్‌ఎంపీఎస్‌ది. 550 అన్న స్టిక్కర్‌ని నమ్మకుండా పక్కనున్న పట్టికలో 12 వోల్టుల కింద ఎన్ని ఆంపియర్లు రాశారో చూసి 12తో గుణించండి. 20 ఉంటే 240 వాట్లు, అంతే. ఈ సెట్టు తాగేది ఎంత? ప్రాసెసర్ 76 దాకా, కార్డు 132, బోర్డు, ఫ్యాన్లు, ఎస్‌ఎస్‌డీ కలిపి ఓ 40–50. అంటే దాదాపు 250, కార్డు క్షణకాలం లాగే అదనపు పవర్ కాకుండా. చాలనిది పెడితే డెస్క్‌టాప్‌లో అంతా బాగుంటుంది, ఆట మొదలైన పది నిమిషాలకి సిస్టం టప్పున రీస్టార్ట్ అవుతుంది. అప్పుడు పాపం విండోస్‌ని రెండుసార్లు ఫార్మాట్ చేస్తారు, కార్డు పోయిందంటారు. 12 వోల్టుల మీద 40 ఆంపియర్లకి తగ్గనిది, 80 ప్లస్ బ్రాంజ్, 5 ఏళ్ల వారంటీ ఉన్నది, మోడల్ పేరుతో సహా అడగండి. 80 ప్లస్ అంటే కరెంటు వృథా తక్కువ అని మాత్రమే. రక్షణ సర్క్యూట్లకి అది హామీ కాదు. ప్రాసెసర్‌కి వెళ్లే 4+4 కేబుల్, కార్డుకి వెళ్లే 6+2 కేబుల్ ఒకలాగే కనిపిస్తాయి గానీ వైరింగ్ వేరు, బలవంతంగా తొయ్యొద్దు. పాత అపార్ట్‌మెంట్‌లో క్యాబినెట్ ముట్టుకుంటే చిన్నగా జిల్లుమంటే తప్పు ప్లగ్ పాయింట్‌దే అయ్యుంటుంది. ముందు ఎలక్ట్రీషియన్‌తో ఎర్తింగ్ చూపించండి.

512 ఎన్‌వీఎంఈ దగ్గర తగువు తక్కువ. ఎం.2 ఆకారంలో (సన్నటి స్టిక్కు) సాటా అనే నెమ్మదైన రకం కూడా ఉంటుంది కాబట్టి ఎన్‌వీఎంఈ అనే బిల్లులో పడాలి. కుదిరితే 1 టీబీ మేలు, ఇప్పటి ఆటలు ఒక్కొక్కటి 100 జీబీ దాటుతున్నాయి.

క్యాబినెట్ విషయంలో వైజాగ్ లెక్క వేరు. ముందువైపు అద్దం, లోపల రంగురంగుల లైట్లు ఉన్నది గాలి పీల్చదు. ముందు మెష్, ఊడదీసి కడుక్కునే ఫిల్టరు, ముందు రెండు ఫ్యాన్లు, వెనక ఒకటి ఉంటే చాలు. పోర్టు చుట్టుపక్కల, గాజువాక వైపు నల్లధూళి ఉండే వీధుల్లో ఆ ఫిల్టర్‌ని రెండు వారాలకోసారి దులపాలి. లాసన్స్ బే, ఎంవీపీ లాంటి చోట సముద్రపు గాలి తగిలే కిటికీ పక్కన పెడితే స్క్రూలు, ఐఓ ప్లేటు (వెనక పోర్టుల చుట్టూ ఉండే రేకు) తుప్పు పడతాయి, ర్యామ్ కాంటాక్టులు మసకబారి ఒకరోజు డిస్‌ప్లే రాదు. కరెంటు తీసి, స్టిక్కులు ఊడదీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి మళ్లీ పెడితే చాలాసార్లు లేస్తుంది. వారాల తరబడి ఆపేసి ఉంచడం కన్నా అప్పుడప్పుడు నడపడం మంచిది, లోపలి వెచ్చదనానికి చెమ్మ నిలవదు.

ఇదే డబ్బుకి ‘ఐ7 గేమింగ్ పీసీ’ అని ప్రకటన కనిపిస్తే ఏ జనరేషనో అడగండి. ఐ7 2600 అయితే 2011 సరుకు, నాలుగే కోర్లు, విండోస్ 11 సపోర్ట్ చేసే ప్రాసెసర్ల జాబితాలో లేదు. వాలరెంట్ ఆట విండోస్ 11లో టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే భద్రతా ఏర్పాట్లు అడుగుతుంది, ఆ పాత బోర్డు దగ్గర అవి దొరకవు.

డెలివరీ రోజు మానిటర్ కేబుల్ కార్డుకే పెట్టారో లేదో చూడండి. 5600లో లోపలి గ్రాఫిక్స్ లేవు కాబట్టి బోర్డుకి పెడితే బొమ్మ రాదు. 144 హెర్ట్జ్ మానిటర్ అయితే విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో 144 మీరే ఎంచుకోవాలి, లేదంటే 60లోనే ఉండిపోవచ్చు. అరగంట ఆట నడిపించి ఉష్ణోగ్రతలు చూశాక పక్క మూత బిగించనివ్వండి. ఆలోపే ఒక్కో భాగం సీరియల్ నంబరుకి ఫొటో తీసుకుని, అవే అంకెలు జీఎస్‌టీ బిల్లులో ఉన్నాయేమో సరిచూసుకోండి.