పెల్లెట్ బ్యాండ్ల కిట్: మూడు నెలలు వాడాక

సిరోంచ దగ్గర ప్రాణహితలో గాలం వేసే మాకు ఇన్నాళ్లూ పిండి ముద్దే ఎర. ముద్ద నీళ్లలో పడగానే పరకలు గిల్లి గిల్లి తినేస్తాయి, పెద్ద చేప వచ్చేసరికి ఉత్త గాలమే ఉంటుంది. దాంతో విసిగిపోయి చేపల ఫీడ్ పెల్లెట్‌కు, అంటే గట్టి మేత గుళికకు మారాను, దాన్ని హెయిర్ రిగ్‌కు బిగించే కిట్ ఆన్‌లైన్‌లో 480 రూపాయలకు తెప్పించాను. అందులో మూడు సైజుల రబ్బరు బ్యాండ్లు, వాటిని సాగదీసే చిన్న పటకారు, చేతితో తిప్పే సన్న డ్రిల్, సూది, ప్లాస్టిక్ స్టాపర్లు ఉన్నాయి.

హెయిర్ రిగ్ అంటే ఎరను గాలానికి గుచ్చకుండా, గాలం కింద వేలాడే సన్న దారానికి కట్టడం. 1980 ప్రాంతంలో ఇంగ్లండ్‌లో లెన్నీ మిడిల్టన్, కెవిన్ మాడక్స్ దీన్ని తయారుచేశారు, మొదట్లో దారం బదులు నిజంగా తలవెంట్రుకే కట్టారు, అందుకే ఆ పేరు. కార్ప్ చేపలకు పళ్లు గొంతులో ఉంటాయి, నోట్లో ఉండవు. మేతను నీళ్లతో పాటు పీల్చి, ఏదైనా తేడా అనిపిస్తే వెంటనే ఊసేస్తాయి. అప్పుడు గాలం మొనకు ఏ అడ్డూ లేకపోతే పెదవికి దిగుతుంది, అంతే కిటుకు. మన రవ్వ, మ్రిగాల, బంగారు తీగ అన్నీ కార్ప్‌లే కాబట్టి ఇక్కడ కూడా బ్రహ్మాండంగా పనిచేస్తుంది. బొచ్చె కూడా కార్పే కానీ దాని నోరు పైకి తిరిగి ఉంటుంది, పైనీళ్లలో తింటుంది, అడుగున వేసే ఈ రిగ్‌తో దానికోసం కూర్చోవద్దు.

ఇక కిట్ సంగతి. డ్రిల్ నాకు నచ్చలేదు. దారం దూర్చడానికి గట్టి పెల్లెట్‌కు బాగానే రంధ్రం పడుతుంది కానీ మన దగ్గర దొరికే తేలే ఫీడ్ లోపలంతా గాలి బుడగలే, పది తొలిస్తే ఆరు పగిలాయి. జిగురుతో అంటించి చూశాను, ఫీడ్‌కు నూనె ఉంటుంది కదా, పట్టలేదు.

బ్యాండ్ మాత్రం చాలా బాగుంది. హెయిర్, అంటే ఆ సన్న దారం చివర ముడిలోకి బ్యాండ్ ఎక్కించాలి, పటకారు మూతి దానిలో దూర్చి నొక్కితే సాగుతుంది, మధ్యలో పెల్లెట్ పెట్టి వదిలేయడమే. చేతులు తడిగా ఉన్నా, చీకటి పడుతున్నా అర నిమిషం పట్టదు. బ్యాండ్ వెడల్పు పెల్లెట్ మందంలో సగం ఉంటే చాలు, వదులైతే విసిరేటప్పుడే ఎగిరిపోతుంది, మరీ బిగుతైతే నానాక పెల్లెట్‌ను కోసేస్తుంది. గాలం వంపుకు, పెల్లెట్‌కు మధ్య నేను 5 మిల్లీమీటర్ల సందు వదులుతాను. తేలే పెల్లెట్ అయితే గాలం అడుగున ఉండి అది పైకి లేచి నిలబడుతుంది, బురదలో కూరుకుపోదు, ఇది నాకు అన్నిటికన్నా నచ్చిన విషయం. మునిగే రకం తొందరగా కరుగుతుంది, మాటిమాటికీ తీసి చూసుకోవాలి. మొదటి వారంలోనే రెండున్నర కిలోల బంగారు తీగ పడింది, గాలం సరిగ్గా కింది పెదవి మధ్యలో ఉంది, చూసి ఎంత సంతోషమేసిందో.

కోపం వచ్చింది మాత్రం బ్యాండ్ల రబ్బరు మీద. మే నెల ఎండలో బండి డిక్కీలో వారం ఉంచితే జిగటగా మారి ఒకదానికొకటి అతుక్కున్నాయి, మిగతావి సాగదీస్తే తెగిపోయాయి. అమ్మినతనికి ఫోటోలు పెట్టి రెండుసార్లు రాశాను, జవాబు లేదు. మన ఎండలకు సిలికాన్‌వి తీసుకోవాలి, రబ్బరువే కొంటే నీడలో డబ్బాలో దాచుకోండి.

ఇప్పుడు నేను వాడుతున్నది సైకిల్ వాల్ ట్యూబ్. సన్నగా చక్రాల్లా కోస్తే 6, 8 మిల్లీమీటర్ల పెల్లెట్‌కు చక్కగా సరిపోతుంది, పది రూపాయల ముక్కతో సీజన్ గడిచిపోతుంది. పటకారు మాత్రం ఆ కిట్‌దే, దాన్ని ఎవరైనా విడిగా అమ్మితే ఇంకోటి కొని పెట్టుకుంటాను.