పరమాణు నమూనా బోర్డు: ఆర్గాన్ దాకా భేష్, పొటాషియం దగ్గర జాగ్రత్త

హన్మకొండ చౌరస్తా దగ్గర స్కూల్ ల్యాబ్ సామాన్లు అమ్మే షాపులో కొన్నాను. ఇంట్లో తొమ్మిది, పది పిల్లలకు ట్యూషన్ చెప్తాను, కాబట్టి రోజూ వాడుతున్నాను. చెక్క బోర్డు, మధ్యలో కేంద్రకం, చుట్టూ కె, ఎల్, ఎమ్, ఎన్ కర్పరాలు (ఎలక్ట్రాన్లు ఉండే వలయాలు), వాటిలో 2, 8, 18, 32 గుంతలు, ఎలక్ట్రాన్లకు బదులు పూసలు. వెనక్కి తిప్పితే ఆర్బిటాళ్ల (ఎలక్ట్రాన్ ఎక్కువగా ఉండే అవకాశమున్న చోట్ల) గళ్లు, వాటిలో ఎలక్ట్రాన్లుగా గుచ్చడానికి బాణం గుర్తు పుల్లలు.

ముందు వైపు తొమ్మిదో తరగతి వాళ్లకు మస్తు పనికొస్తుంది. లిథియంలో మూడో పూసకు కె కర్పరంలో చోటుండదు, పిల్లలే దాన్ని ఎల్‌లో పెడతారు. తర్వాత సోడియం చేయిస్తే 2, 8, 1 వస్తుంది, రెండింట్లోనూ చివర ఒక్క పూసే ఉందని, అందుకే రెండూ ఒకే గ్రూపులో ఉన్నాయని మనం చెప్పకముందే పట్టేస్తారు.

ఇక్కడి నుంచే నాకు కోపం. ఆర్గాన్ 2, 8, 8 దగ్గర ఎమ్‌లో ఇంకా పది గుంతలు ఖాళీగా ఉంటాయి, దాంతో పొటాషియం 19వ పూసను ఏ పిల్లాడైనా అందులోనే పెట్టి 2, 8, 9 అంటాడు, డబ్బాలో వచ్చిన కాగితంలో కూడా ఒక కర్పరం పూర్తిగా నిండాకే తర్వాతిది అని అచ్చువేశారు! 2ఎన్ స్క్వేర్ సూత్రం (ఇక్కడ ఎన్ అంటే కర్పరం నంబరు) ఒక కర్పరంలో ఎక్కువలో ఎక్కువ ఎన్ని పడతాయో చెప్తుందే గానీ ఏది ముందు నిండుతుందో చెప్పదు. పొటాషియం 2, 8, 8, 1. కాల్షియం 2, 8, 8, 2. స్కాండియం దగ్గరే మళ్లీ ఎమ్‌లోకి వెనక్కి వచ్చి 2, 8, 9, 2 అవుతుంది.

కారణం వెనక వైపు చూపించాలి. 4ఎస్‌కు ఎన్ ప్లస్ ఎల్ (ఎన్ కర్పరం నంబరు, ఎల్ అందులోని ఉపకర్పరం నంబరు: ఎస్ అయితే 0, పి అయితే 1, డి అయితే 2) విలువ 4, 3డికి 5, తక్కువ విలువ ఉన్నది ముందు నిండుతుంది. కానీ గళ్లను 3ఎస్, 3పి, 3డి, 4ఎస్ అని వరుసగా వేశారు. నేను 3డి కంటే ముందు తెల్ల కాగితం అంటించి 4ఎస్ అక్కడ రాశాను, ఇప్పుడు ఇబ్బంది లేదు.

ఆ ఒక్కటి పక్కన పెడితే వెనక వైపే నాకు ఎక్కువ నచ్చింది. నైట్రోజన్‌లో 2పి మూడు గళ్లలో మూడు పుల్లలు విడివిడిగా, ఒకే దిక్కు చూస్తూ నిలబడతాయి, ఆక్సిజన్ రాగానే నాలుగోది ఒకదానితో జత కట్టాల్సి వస్తుంది, హుండ్ నియమం బట్టీ పట్టకుండానే వచ్చేస్తుంది. గడికి రెండే రంధ్రాలు, కాబట్టి మూడోది దూరదు. అయితే రెండు పుల్లలనూ ఒకే దిక్కుకు గుచ్చినా పట్టేస్తాయి, పౌలీ నియమం ప్రకారం అవి ఎదురెదురుగా ఉండాలని మనమే చెప్పాలి. నయీంనగర్ కాలేజీల్లో ఇంటర్ చదివే పిల్లలు కూడా కొందరు వచ్చి క్రోమియం 3డి5 4ఎస్1 (అంటే 3డిలో 5, 4ఎస్లో 1 ఎలక్ట్రాన్), కాపర్ 3డి10 4ఎస్1 దీని మీదే చేసుకుంటున్నారు.

పదో తరగతి వాళ్లకు మాత్రం ఇంకో మాట తప్పకుండా చెప్పండి, ఈ గుండ్రటి దారులు లెక్క కోసమే, ఎలక్ట్రాన్ అలా దారి పట్టుకుని తిరగదు, అది ఎక్కువగా ఉండే అవకాశమున్న చోటునే ఆర్బిటాల్ అంటాం.

పూసలు చిన్నవి, దొర్లిపోతాయి, విడిగా అమ్మట్లేదు. కొనేముందు షాపులోనే డబ్బా తెరిచి లెక్కపెట్టుకోండి, కాల్షియం చేయాలంటే కనీసం 20 ఉండాలి.